మండువేసవిలో పెరటి కూరతోట: చేతనున్న నీటితో సాగు



అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలు 2022వ సంవత్సరము వరకు ఒకే జిల్లాగా నుండెను. ఈ సీమలో సాలునకు సరాసరి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి ఋతుపవనము తన నీటిని చాలవరకు పడమటి కనుమలమీదనే విడిచివచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున కురిసి, ఇచ్చటికి చేరునప్పటికి బలహీనమగును. రెండు ఋతువుల నడుమను మనము మిగిలిపోయినవారము.

సాలునకు 250 మిల్లీమీటర్లకు లోబడి వాన గల ప్రదేశమును శాస్త్రజ్ఞులు సామాన్యముగా ఎడారి యందురు. రాజస్థానమునందలి జైసల్మేరు అట్టిది. ఆ కొలత ప్రకారము మనది ఎడారి కాదు. అయితే కూరమొక్క సంవత్సరపు సరాసరిని ఎరుగదు. తాను నిలిచియున్న దినపు ఎండను, గాలిని, తడిని మాత్రమే ఎరుగును. మార్చి మొదలు మే ఆఖరు వరకు మన పెరటిలోని వంగమొక్కకును ఎడారిలోని మొక్కకును కష్టము ఒక్కటియే. హగరి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములలో గాలికి ఇసుక లేచి పొలములపై మేటలు వేయుట చూచినవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. కావున ఎడారులలో తరతరములుగా కూర పండించుకొను ప్రజల పద్ధతులు మనకు పాఠములు కాదగినవి.

ఈ విషయమును మన సంఘపత్రికలో చర్చించుటకు మరియొక కారణము గలదు. వేసవి రాగానే కూరగాయల ధర పెరుగును. పెరటిలో నాలుగు మొక్కలు పెట్టుదమన్న నీరు లేదందురు. నీటికి బోరు, బోరునకు అప్పు. బోరు పడెనా సరి. పడనిచో ఎండిన గొట్టము నేలలోను, అప్పు ఇంటిలోను మిగులును. అట్టి కుటుంబములు ఈ సీమలో ఎన్నియో గ్రామములలో గలవు. పెరటి కూరతోట కొరకు ఇంత సాహసము అవసరము లేదు. ఇంటినుండి దినమునకు వెలువడు నీటిని కొలిచి, ఆ కొలతకు సరిపడు తోటను మాత్రమే పెట్టి, ఆ నీరు వృథాగా పోవు దారులను మూసినచో, ఒక కుటుంబమునకు ఆకుకూరలును కొన్ని కాయగూరలును వేసవిలో గూడ లభించును. ఈ వ్యాసము చెప్పదలచినది ఇంతియే. తక్కినదంతయు దాని వివరము.

1. ముందుగా నీటిలెక్క

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు లోతున నిలిచిన నీరు సరిగా ఒక లీటరు. ఈ చిన్న సూత్రమును జ్ఞాపకముంచుకొనుడు. ఏప్రిల్, మే మాసములలో వెడల్పైన పళ్ళెమున నీరు పోసి ఎండలో నుంచినచో, దినమునకు 8 మొదలు 10 మిల్లీమీటర్ల వరకు ఆవిరియై పోవుట ఈ సీమలో సాధారణము. పొడవు 10 అడుగులు, వెడల్పు 3 అడుగులు గల మడి సుమారు 3 చదరపు మీటర్లుండును. ఏ రక్షణయు లేక ఎండకు విడిచిన అట్టి మడికి దినమునకు 24 మొదలు 30 లీటర్ల నీరు, అనగా 15 లీటర్లు పట్టు బిందెలు రమారమి రెండు కావలయును.

ఇక ఇంటి నీరు. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు, పాత్రలు తొలుత తొలిచిన నీరు, తొట్టిలో మారుగా పోసిన నీరు, వీనిని ఒక వారము దినములు వేరుగ పట్టి కొలువుడు. లెక్క కొరకు నాలుగు బిందెలు, అనగా 60 లీటర్లు వచ్చెననుకొందము. రక్షణ లేని మడులైనచో ఈ నీరు రెండింటికే చాలును. నీరు పోవు దారులను మూసి, మడి యొక్క అవసరమును సగమునకు తగ్గింపగలిగినచో, అదే నీరు నాలుగు మడులకు చాలును. రెండు మడులు నాలుగగుటకు అప్పు అక్కరలేదు. పార, తట్ట, రెండు దినముల కాయకష్టము చాలును.

సబ్బు కలిసిన స్నానపు నీటిని, బట్టలు ఉదికిన నీటిని ఈ లెక్కలో చేర్పరాదు. వానిలోని క్షారము మడిలోని మట్టిని గట్టిపరచి, లేతవేళ్ళను చెరచును. ఆ నీటిని మునగ, అరటి వంటి పెద్ద మొక్కల పాదులకు మరల్పుడు. బూడిదతో తోమిన పాత్రల నీరును అట్టిదే. పచ్చిగా తిను ఆకులపై ఇంటి మురుగునీరు ఏదియు పడనీయకుడు.

తోటకు స్థలమును ఎన్నుకొనునప్పుడు ఇంటి ఆడువారిని అడిగి ఎన్నుకొనుడు. నీరు మోయువారు వారే. పాత్రలు కడుగు చోటునకు పది అడుగుల దూరమున నున్న తోట బ్రదుకును. దొడ్డి చివరనున్న తోట ఏప్రిల్ రెండవ వారమున ఎండిపోవును.

2. మడిని పల్లముగా చేయుట

వానలు మెండుగా గల డెల్టా ప్రాంతములలో నీరు నిలువకుండుటకై మడిని ఎత్తుగా చేయుదురు. ఆ పద్ధతి మనకు వేసవిలో పనికిరాదు. ఎత్తు మడికి నాలుగు ప్రక్కల ఎండయు గాలియు తగులును. మన మడి నేలమట్టమునకు ఆరు అంగుళములు పల్లముగా నుండవలయును. త్రవ్విన మట్టినే చుట్టును గట్టుగా వేయుడు. అమెరికా దేశమున నైరృతి భాగముననున్న న్యూమెక్సికో రాష్ట్రపు జూని జాతివారు తమ ఎండుసీమలో ఇట్టి చిన్న చిన్న గట్లు గల పల్లపు మడులలోనే మొక్కలు పెంచుకొనుచు వచ్చిరి. పైనుండి చూచిన ఆ తోట తేనెపట్టు గదులవలె కనబడును. గట్టు లేతమొక్కకు గాలి తగులనీయదు. పోసిన ప్రతి చుక్కయు వేరువద్దనే నిలుచును. వాన ఒక్క జల్లు పడినను ఆ నీరు పారిపోదు.

పల్లము చేయుటతో పని తీరదు. ఇసుక నేల చిల్లుకుండ వంటిది. నీరు వేరునకు అందకముందే అడుగునకు దిగిపోవును. కావున మడిని మరియొక అడుగు లోతు గుల్లచేసి, బాగుగా మాగిన దిబ్బ ఎరువు నాలుగు తట్టలు, చెరువు పూడికమట్టి నాలుగు తట్టలు వేసి కలుపుడు. పూడికమట్టిలోని జిగురు, ఎరువులోని జీవము రెండును కలిసి తడిని పట్టియుంచును. పచ్చిపేడ వేయకుడు. అది మడిలో వేడిని పుట్టించుటయేగాక వేరుపురుగును, చెదలను పిలుచును. నల్లరేగడి నేలలో పూడికమట్టి అక్కరలేదు, ఎరువొక్కటి చాలును. వానకాలము వచ్చినప్పుడు రేగడి మడుల గట్టునకు ఒకచోట గండి పెట్టుట మరువరాదు. లేనిచో వేళ్ళు కుళ్ళును.

3. నేలకు కప్పు

బట్టలేని ఒడలికి ఎండ ఎట్లో, కప్పులేని నేలకు అట్లే. మధ్యాహ్నమున కాలు మోపలేని మట్టిలో లేతవేరు ఎట్లు బ్రదుకును? మొక్క నాలుగు ఆకులు వేయగానే మడియంతటను రెండు అంగుళముల మందమున కప్పు వేయుడు. మన సీమలో ఇందుకు వేరుసెనగ పొట్టు సులభము. ఎండుటాకు, జొన్నచొప్ప ముక్కలు, కంది ఆకురాలు ఏదైనను పనికివచ్చును. కప్పు మొక్క మొదలును తాకరాదు. చుట్టును రెండు అంగుళములు విడువుడు. తాకినచో మొదలు కుళ్ళును, చెదలు పట్టును. వారమునకొకసారి కప్పును ఎత్తిచూచి, చెదల మట్టిగూడు కనబడినచో చెరిపివేయుడు. వానలు రాగానే ఆ కప్పును మడిలోనే కలిపివేసిన అదియే ఎరువగును.

4. ఎండకు నీడ, గాలికి అడ్డు

ఉదయపు ఎండ మొక్కకు ఆహారము, అపరాహ్ణపు ఎండ దండనము. కావున నీడ పడమట ఉండవలయును. మడులను తూర్పుపడమరలుగా వరుసగా తీర్చి, పడమటి కొనను ఆముదమును లేక కందిని ఒత్తుగా వేయుడు. అవి ఫిబ్రవరినాటికి మనిషి ఎత్తు పెరిగియుండుటకు ముందటి వానకాలముననే విత్తవలయును. అట్లు చేయనివారు జొన్నచొప్పతో ఐదడుగుల తడిక కట్టవచ్చును. తడిక గోడవలె బిగువుగా నుండరాదు. కొంత గాలి సందులగుండ పోవలయును. పూర్తిగా అడ్డినచో గాలి పైనుండి సుడిగా దిగి మొక్కను విరుచును. అంగడిలో దొరకు ఆకుపచ్చని నీడవల కొనువారు సగము ఎండను ఆపు రకమును కొనుడు. అంతకంటె చిక్కనైనది కట్టిన మొక్క పొడవుగా సాగి కాయకుండ పోవును.

అరబ్బు దేశములలోను, ఉత్తర ఆఫ్రికాలోను ఎడారి నడుమ ఊటలున్నచోట్ల తోటలను మూడు అంతస్తులుగా పెంచుదురు. అన్నిటికి పైన ఖర్జూరము, దాని క్రింద దానిమ్మ, అంజూరము వంటి పండ్లచెట్లు, వాని నీడలో కూరమొక్కలు. ఒకే నీరు మూడింటికిని ఉపయోగపడును. మన పెరటిలో ఖర్జూరము బదులు మునగ, అవిసె గలవు. వీని ఆకు పలుచన; నీడ చెదరి పడును; ఆకు, పువ్వు, కాయ కూరకును వచ్చును. మడుల పడమట రెండు మునగలు, ఒక అవిసె నాటుకొన్న ఇల్లు రెండవ వేసవికి తడిక కట్టనక్కరలేదు.

5. పాతిన కుండ

తీగజాతులకు, అనగా సొర, దోస, కాకర, బీరలకు, మడికంటె కుండ మేలు. చీనాదేశమున క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున ఫాన్ షెంగ్‌జి అను ఉద్యోగి వ్రాసిన వ్యవసాయ గ్రంథముననే ఈ పద్ధతి చెప్పబడియున్నది. కుమ్మరి చేసిన, రంగు గాని మెరుగు గాని పూయని, 8 మొదలు 10 లీటర్లు పట్టు మట్టికుండను తీసికొనుడు. నిండ నీరు పోసి ఒక రాత్రి నీడలో నుంచుడు. తెల్లవారునప్పటికి వెలుపల తడి తేలినచో అది మనకు తగినది; తేలనిచో దానిని ధాన్యమునకు వాడుకొనుడు.

ఎరువు, పూడికమట్టి కలిపిన గుంటలో కుండను మెడ వరకు పాతి, మూతి నేలకు ఒక అంగుళము పైన నుండునట్లు చేయుడు. చుట్టును కుండ గోడకు మూడు అంగుళముల దూరమున నాలుగు చోట్ల విత్తులు పెట్టుడు. నీరు నింపి, మూతిపై పెంకునో బండనో మూయుడు. మూయనిచో నీరు ఆవిరియగును, దోమలు పుట్టును. చుట్టుపట్ల మట్టి ఆరినకొలది కుండ నీటిని విడుచును. మట్టి తడిసియున్నప్పుడు విడుచుట తగ్గించును. మొక్కయే తనకు కావలసిన నీటిని అడిగి తీసికొనునట్లుండును. నేలపైభాగము పొడిగానుండుటచే కలుపును తక్కువ. విత్తు మొలకెత్తువరకు మాత్రము పైన చేతితో చిలుకరింపవలయును. తరువాత మూడు నాలుగు దినములకొకసారి నింపిన చాలును. తీగ పెరిగి కాపునకు వచ్చినప్పుడు ఇంకను తరచుగా చూడుడు.

కుండలో కడుగునీరు పోయకుడు. జిడ్డు, మడ్డి పట్టి సన్నని రంధ్రములు మూసికొనిపోవును. ఇందుకు తేటనీరే కావలయును. కొంచెము ఉప్పునీటి బావి గలవారికి సైతము కుండ మేలు. మడిపై పోసినప్పటికంటె మొక్కకు బాధ తక్కువగా నుండును. పంట ముగిసిన పిమ్మట కుండను తీసి, పీచుతో రుద్ది, ఎండబెట్టి మరుసటి పంటకు ఉంచుకొనుడు.

6. తడి ఇచ్చు వేళ, ఉప్పు సంగతి

మిట్టమధ్యాహ్నము పోసిన నీరు సూర్యునికి అర్పణమగును. తెల్లవారక ముందు గాని, సూర్యాస్తమయము తరువాత గాని పోయుడు. దినదినము పైపైన చిలుకరించుట మంచిది కాదు. వేరు నీటిని వెదకుకొని పోవును. పైన తడియున్న పైననే తిరుగును. ఒక్కపూట నీరు తప్పినచో వాడును. నాలుగు మడులున్నచో నేడు రెండింటికి, రేపు రెండింటికి, ఒక్కొక్కదానికి రెండు బిందెలు చొప్పున నిండుగా పోయుడు. లేతనారునకు మాత్రము దినమునకొకసారి కొంచెము కొంచెము కావలయును. కప్పును ప్రక్కకు తీసి వ్రేలిని రెండు కణుపులు మట్టిలోనికి పోనిచ్చిచూడుడు. చల్లగా తడి తగిలిన ఆ దినము నీరు పోయనక్కరలేదు. సాయంకాలమున వాడిన ఆకును చూచి నీరు పోయకుడు, మరునాటి ఉదయమున చూడుడు. ఎండకు వాడినది రాత్రి తేరుకొనును. నీరులేక వాడినది తేరుకొనదు.

మన బావులలో పెక్కింట ఉప్పు కొంత గలదు. నీరు ఆవిరియై పోవును గాని ఉప్పు పోదు. మట్టి ఆరినకొలది అది పైకి వచ్చి గట్లమీద తెల్లని పొరగా కనబడును. అట్టి గట్లపై విత్తు వేయకుడు, ఆ పొరను చెక్కి దూరముగా పారవేయుడు. వాన పడినప్పుడు ఇంటికప్పు నీటిని మడులకు మరల్చి నిండుగా నిలిపినచో, వేసవి యంతయు చేరిన ఉప్పు వేరు క్రిందికి కడిగిపోవును. వాననీరే నేలకు స్నానము.

7. ఏ మాసమున ఏ కూర

మే నెలలో తోటను క్రొత్తగా పెట్టువాడు ఓడిపోవును. వేసవితోటకు విత్తు జనవరి ఆఖరునుండి ఫిబ్రవరి నడిమివరకు పడవలయును. అప్పుడు ఎండ ముదురునప్పటికి వేరు లోతునకు దిగియుండును. బెండ, గోరుచిక్కుడు, అలసంద, దోస, సొర, గోంగూర, బచ్చలి వేడికి ఓర్చునవి. తోటకూరను నీడగల మడిలో పదునైదు దినములకొకసారి కొంచెము కొంచెముగా చల్లుచు వచ్చిన, వేసవి యంతయు ఆకు అందును. చల్లిన మడిపై తడిపిన గోనెపట్ట పరచి, మొలక తోచిన సాయంకాలముననే తీసివేయుడు. ఒక దినము ఆలస్యమైనను మొలక పాలిపోవును.

టొమాటో విషయమున మోసపోకుడు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రియు చల్లబడనిచో, పువ్వు పూసి పూసి రాలిపోవును గాని పిందె నిలువదు. దానిని, ముల్లంగి, మెంతి, కొత్తిమీరలను అక్టోబరు, నవంబరు మాసములకు ఉంచుడు. బీర, కాకర, వంగలకు జూన్, జూలై వానలు తగినవి.

పొడి ఎండలో వంగ, బెండ ఆకుల అడుగున సన్ననల్లి చేరి ఆకు మసకబారును. ఉదయమున ఆకు అడుగుభాగమునకు తగులునట్లు మంచినీటిని బలముగా చిమ్మినచో చాలవరకు పోవును. బెండ ఆకు ఈనెలు పసుపువారినచో ఆ మొక్కకు మందు లేదు. దానిని వేరుతో పెరికి దూరముగా పూడ్చుడు; లేనిచో తెల్లదోమ ఆ తెగులును తక్కిన మొక్కలకు మోసికొనిపోవును.

8. ఎండను పనివానిగా చేసికొనుట

థార్ ఎడారి ప్రజలు వేసవి కూరను వేసవిలోనే పండింపవలయునని పట్టుపట్టరు. జమ్మిచెట్టును మనము దసరా పండుగనాడు పూజింతుము. అదే చెట్టు రాజస్థానమున ఖేజ్‌డీ యనబడి, దాని లేతకాయ కూరగా వండబడుచున్నది. ఆ కాయను, వానకాలపు చిన్న కచ్రీ కాయలను ఎండబెట్టి, జాడీలలో దాచి, పచ్చికూర లేని దినములలో వండుకొందురు. మన అవ్వలు చేసిన ఒరుగులు ఇవియే గదా! సెప్టెంబరు, అక్టోబరు మాసములలో గోరుచిక్కుడు, వంగ, కాకర మిగిలినప్పుడు ముక్కలుగా కోసి, కొంచెము ఉప్పు పట్టించి, గలగలలాడునట్లు ఎండబెట్టి, తడి తగులని డబ్బాలో నుంచుడు. ఎండ మన నీటిని దోచుకొను దొంగయే అయినను, ఈ యొక్క పనిలో కూలి అడుగని పనివాడు. ఇంటిలో రెండు డబ్బాల ఒరుగులున్నచో మే మాసమున తోటపై భారము తగ్గును. తోటపై భారము తగ్గిన బిందెలు మోయు తల్లిపై భారము తగ్గును.

9. సంఘము చేయదగినది

ఒక ఇంటివాడు ఒక బండి పూడికమట్టికై చెరువునకు పోవుట కష్టము. పదిండ్లవారు కలిసిన ఒక్క దినమున పని తీరును. కుండలు ఒక్కటొక్కటిగా కొనుటకంటె, వేసవికి ముందే సంఘము తరపున కుమ్మరికి వంద కుండలు చెప్పిన ధర కుదురును, ఆయనకును పని దొరకును. నమ్మకమైన విత్తనమును ఒకసారి తెప్పించి పంచుకొనవచ్చును. ఒక వీథిలో ఒకరికి సొర, ఒకరికి బెండ ఎక్కువైనప్పుడు మార్చుకొనవచ్చును. వీనిలో దేనికిని పెద్ద పెట్టుబడి అక్కరలేదు. పెరటితోట పేరున బోరునకు అప్పు కోరదలచిన సభ్యుడు ముందుగా తన ఇంటినీటిని వారము దినములు కొలిచి, ఆ లెక్కను పంచాయతీదారులతో కూర్చుండి చూచుకొనుట మంచిది. ఆ లెక్క చూచిన పిమ్మట అప్పు అక్కరలేదని తోచువారు పలువురుందురు.

సారాంశము

నీటిని కొలిచి మడులను లెక్కపెట్టుడు. మడి పల్లముగా, ఎరువుతో నిండియుండవలయును. నేల కప్పు లేక యుండరాదు. పడమట నీడ, గాలివైపున అడ్డు కావలయును. తీగకు కుండ, ఆకుకూరకు మడి. తడి రాత్రివేళ, లోతుగా. విత్తు ఫిబ్రవరిలో, ఒరుగు అక్టోబరులో.

ఈ సాలు నాలుగు మడులతో ఆరంభింపనక్కరలేదు. ఒక్క మడి, ఒక్క కుండ పెట్టుడు. మే ఆఖరున ఆ మడిలో పచ్చని ఆకు నిలిచినచో, రెండవ మడిని ఎవ్వరు చెప్పకయే త్రవ్వుదురు. వానను కురిపించుట మన చేతిలో లేదు. కురిసిన దానికిని, మోసితెచ్చిన దానికిని మనము గృహనిర్వాహకులము. ఆ పనిని నమ్మకముగా చేసిన ఇంటిలో పిల్లలకు వేసవిలో గూడ ఆకుకూర అన్నము దొరకును.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు